లోపలికొచ్చి చూడాల్సిన నక్షత్రం

ముందే ఒప్పుకుంటున్నాను: ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మల్కాపురంలో నాది కళ్లజోళ్ల కొట్టు. పగలంతా చీమంత అక్షరాన్ని ఏనుగంత చేసి చూపించి పొట్టపోసుకునేవాడికి, కొట్టు కట్టేసి ఇంటికి రాగానే ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? మా ఆవిడ నా మాటలను బియ్యంలో రాళ్లేరినట్టు ఏరుకుని వింటుంది. మా చర్చి సంఘం అయ్యగారైతే నేను సాక్ష్యం చెప్పడానికి లేస్తే చాలు, కళ్లు మూసుకుని నా క్షమాపణ కోసం ముందస్తుగా ప్రార్థన మొదలుపెడతారు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కూడా ఒక పచ్చి అబద్ధం ఉంది. అదేదో చివర్లో నేనే చెబుతాను. మిగతాదంతా నిజం. కాస్త గాలి కొట్టిన నిజం, అంతే.

మా సంఘం ఒక మేడ మీద హాలు. కింద సందు, సందుకి అవతల ఎండు చేపలమ్మే మామ్మ ఇల్లు. ఇల్లంటే ఒకటే గది, పైన సిమెంటు రేకులు. భర్త లేడు. కొడుకు గుజరాత్ బోట్ల మీద వేటకి పోయాడు. కూతురు తొలి పురుటికి వచ్చి ఉంది. మాకూ మామ్మకూ చాలా కాలంగా యుద్ధం. మా మేడ మీద మైకు గొట్టం సరిగ్గా ఆమె గుమ్మం వైపు నోరు తెరుచుకుని ఉండేది. దానికి బదులుగా ఆమె ప్రతి ఆదివారం, కచ్చితంగా మా ఆరాధన వేళకి, మా కిటికీల కింద నెత్తళ్ల చేపలు ఎండబోసేది. ఆ వాసన మెట్లెక్కి వచ్చి ముందు వరసలో కూర్చునేది. అయ్యగారు ఒకసారి అయిదు రొట్టెలు, రెండు చేపల గురించి ప్రసంగిస్తూ చేపల దగ్గరకొచ్చేసరికి సంఘమంతా ఒక్కసారిగా కిటికీ వైపు తల తిప్పింది.

"మీ దేవుడికి సెవుడేటి బాబూ, అంత గట్టిగా అరుత్తారు?" అని అడిగేది మామ్మ నన్ను. న్యాయమైన ప్రశ్నే. కానీ కమిటీ మీటింగులో అది ఎప్పుడూ చర్చకు రాలేదు.

సంగతి నక్షత్రం దగ్గర మొదలైంది. పోయిన క్రిస్మస్‌కి పక్క వీధి సంఘం వాళ్లు ఒక నక్షత్రం కట్టారు. దాని వెలుగుకి ఓడలు రేవనుకుని వాళ్ల వీధిలోకి తిరిగిపోతాయేమోనని నాకు నిద్రపట్టలేదు. ఈ ఏడు మాది అంతకన్నా పెద్దదిగా ఉండాలని తీర్మానించి, ఆ బాధ్యత నా మీద పెట్టారు. "ఈసారి మనది కనబడాలి బ్రదర్" అన్నాడు మా సంఘ పెద్ద. ఆయన స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరైన మనిషి. కొత్త కారు కొని, దానికో రేకుల షెడ్డు వేయించి, రోజూ ఇంట్లో మనుషులకన్నా ముందు దానికి స్నానం చేయిస్తాడు.

ఆటోనగర్‌లో మా బావమరిదికి వెల్డింగు షెడ్డుంది. నా మాటల విషయంలో వాడికో పద్ధతుంది: నేను ఏ కొలత చెప్పినా సగానికి కోసి వింటాడు. నా పెళ్లయిన కొత్తలో భీమిలిలో నేను పట్టిన చేప పొడవు విన్నప్పటి నుంచీ అంతే. నాకు కావలసింది ఎనిమిదడుగుల నక్షత్రం. వాడు సగం కోస్తాడని తెలుసు కాబట్టి ఫోనులో పదహారడుగులన్నాను. ఇందులో మోసమేమీ లేదు. ఇన్నేళ్లుగా మా ఇద్దరి మధ్య నడుస్తున్న మారకం రేటు అది.

వారం పోయాక వెళ్లి చూద్దును కదా, షెడ్డులో నక్షత్రం కనబడలేదు. నక్షత్రంలోనే షెడ్డుంది.

"ఇదేట్రా?" అన్నాను.

"నువ్వు సెప్పిందే బావా. పదారడుగులు."

"నాను పదారంటే ఎనిమిదని నీకు తెల్దా?"

వాడు నొచ్చుకున్నాడు. "ఎప్పుడూ సగమే సేసీవోణ్ణి. ఇది దేవుడి పని కదా, ఇందులో కూడా బావ అబద్దమాడతాడేటిలే అనుకున్నాను."

నేను టేపు పట్టి కొలిచాను, ఎక్కడైనా సగం తగ్గుతుందేమోనని.

దాన్ని ట్రాలీ ఆటో మీద కట్టి గాజువాక దాటించేసరికి వెనక ఆగిన బండ్ల వరస మధురవాడ దాకా పోయిందట. అక్కడ సాఫ్ట్‌వేర్ పిల్లలు ఆ పూట ఆఫీసులకు సెలవు పెట్టేశారట. ఇంతా చేసి మా మేడ దగ్గరికి తెస్తే, అది మెట్లెక్కదు. తాడు కట్టి బయటనుంచి లాగుదామంటే అడ్డంగా కరెంటు తీగలు. చేసేది లేక సందులోనే గోడకి నిలబెట్టి కిటికీ ఊచలకు కట్టేశాం. మామ్మ గుమ్మంలో కూర్చుని నెత్తళ్ల తలలు తుంచుతూ ఈ ఊరేగింపంతా చూసింది.

"కళ్లజోడు బాబూ, ఏటిది?"

"నచ్చత్రం మామ్మా."

"ఆకాశంలో ఉండాల కదేటి. మా సందులో కూకుందేటి?"

"రెండ్రోజుల్లో ఎక్కుతాది."

"ఎక్కుతాది, ఎక్కుతాది. నా కోడి కూడా ఇలగే అంటాది, ఎగురుతానని."

ఆ వారమే వాయుగుండం పట్టింది. ఎంత వానంటే, బైబిల్లో ఓడ కట్టిన నోవహు గనక చూసి ఉంటే మళ్లీ రంపం అందుకునేవాడు. తెల్లవారుజామున గాలి మామ్మ ఇంటి రేకుల్ని పేకముక్కల్లా లేపి సందులో పడేసింది. కింద ఉన్న పాత దూలాలు కూడా విరిగాయి. కూతురు ముందురోజే ఆసుపత్రిలో చేరింది కాబట్టి సరిపోయింది. మామ్మకి గీత కూడా పడలేదు. ఆమె చూపుకి రేకులే జడిసి పక్కకి తప్పుకున్నాయని నా అభిప్రాయం.

పొద్దున్న నేనూ మా ఆవిడా వెళ్లేసరికి ఆమె ఒక మూల, చేపల బుట్టల మీదా తన నెత్తి మీదా ఒకే ప్లాస్టిక్ పట్టా కప్పుకుని కూర్చుని ఉంది. పైకి రమ్మన్నాం.

"నాను మీ మేడెక్కను. మీ పాటలు గోడవతల్నుంచే ఇనలేక సత్తన్నాను."

కానీ మా ఆవిడ పక్కన కూర్చోగానే గొంతు తగ్గింది. "ఆడపిల్ల పుట్టిందమ్మా. రేపు పంపించేత్తారు. అత్తోరు ఫోను సేసినారు, మీకు ఇల్లు నేదు కదా, మా కాడికే తీసుకుపోతామని. తొలి పురుడు. పిల్లని నా గుమ్మం తొక్కించకండా ఆసుపత్రి కాడ్నించే పంపించేత్తే నాను తల్లినేటి?"

కొడుక్కి ఫోను కలవడం లేదు, అతను సముద్రం మీదున్నాడు. రేకుల కొట్లన్నీ మోకాటి లోతు నీళ్లలో మూసి ఉన్నాయి. చేతిలో ఉన్నది ఒక్క రోజు.

మధ్యాహ్నం హాల్లో ప్రార్థన పెట్టారు. నడిపించమని నన్నే అడిగారు. నా ప్రార్థన సృష్టి మొదటి రోజున మొదలై, నిర్గమకాండం మీదుగా ఎర్రసముద్రం దాటి, అరణ్యంలో కాస్త విశ్రాంతి తీసుకుని ముందుకు సాగుతుంది. ఇశ్రాయేలీయులు ఇంకా కనాను చేరనే లేదు, మా ఆవిడ గట్టిగా "ఆమేన్" అనేసింది. అందరూ కళ్లు తెరిచారు.

"దేవుడు ఇన్నాడండీ. ఇప్పుడు మీరినండి" అంది నాతో. "పైకి సూసి కప్పు అడుగుతన్నారు. కిటికీలోంచి కిందకి సూడండి. గోడకి ఆనించి అంత ఇనుముంది."

సంఘ పెద్ద గొంతు సవరించుకున్నాడు. "క్రిస్మస్‌కి నచ్చత్రం నేకపోతే ఎలగమ్మా? పక్క వీధోళ్లు నవ్వరా?"

"నాకు తెలీకడుగుతాను అయ్యగారూ" అంది మా ఆవిడ, ఆయన్ని వదిలేసి. "యేసయ్య పుట్టినప్పుడు ఆ నచ్చత్రం ఏ ఇంటి మీద ఆగినాది? గుడి మీదా, పసిబిడ్డున్న ఇంటి మీదా?"

అయ్యగారు బైబిలు మూసి, దాన్ని పొడిగా ఉన్న బల్ల మీద పెట్టి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచారు. పదేళ్లుగా ఆయన ప్రసంగాలు వింటున్నాను. అంత పొట్టి ప్రసంగం ఆయన ఎప్పుడూ చెయ్యలేదు, అంతగా నాకు ఎక్కిందీ లేదు.

"మరి రేకులో?" అన్నారెవరో.

సంఘ పెద్ద జేబులోంచి కారు తాళం తీసి చూసుకున్నాడు. తర్వాత, దంతం పీకించుకునేవాడి ముఖంతో, "మా షెడ్డువి ఇప్పండి" అన్నాడు.

"కారు తడిసిపోద్ది కదా బ్రదర్?"

"తడవనీ. బెల్లమేటి, కరిగిపోడానికి?"

నేను బావమరిదికి ఫోను చేశాను. "వానలో వెల్డింగు సేత్తే నేరుగా పరలోకమే బావా" అన్నాడు. "బోల్టులట్టుకుని వత్తన్నాను." వచ్చాడు. తుపాను హెచ్చరికకి పడవలు ఒడ్డున పెట్టుకుని ఖాళీగా ఉన్న మామ్మ బంధువులు సరుగుడు కర్రలు మోసుకుని వచ్చారు. మా వాళ్లు ఒక వైపు, జాలర్లు ఒక వైపు నక్షత్రాన్ని భుజాలకెత్తారు. వాళ్లు "హైలెస్సా" అంటే మేము "హల్లెలూయ" అన్నాం. రెండుసార్లయ్యేసరికి ఎవరు ఏది అంటున్నారో తెలియలేదు. నక్షత్రం మాత్రం లేచింది. అప్పుడు నా భుజం మీద పడిన బరువు ఒక రైలు డబ్బా అంత ఉంటుంది, ఇనుప ఖనిజం నింపినది.

దాన్ని గోడల మీద వెల్లకిలా పడుకోబెట్టాం. అయిదు కొమ్ములూ గోడల మీంచి బయటికి వచ్చి నిలబడ్డాయి. అంగుళం కదల్లేదు. బావమరిది గోడ మీద గొంతుక్కూర్చుని ఆ కొమ్ముల్ని చూశాడు, గదిని చూశాడు, నన్ను చూశాడు.

"బావా, ఇది ఎనిమిదడుగులదైతే ఏటయ్యేదో తెలుసా?"

తెలుసు. గోడలకి అందక గది మధ్యలో పడి ఉండేది. నా జీవితంలో నేను చెప్పిన కొలతల్లో అక్షరాలా పనికొచ్చింది అదొక్కటే. ఆ క్షణంలో నన్ను ఎవరైనా బిషప్పుని చెయ్యాలనుకుంటే కాదనకపోదును.

మధ్య మధ్య సరుగుడు కర్రలు కట్టారు. జాలర్లు వేసిన ముళ్లు విప్పాలంటే ఇక కత్తే దిక్కు. వాటి మీద సంఘ పెద్ద కారు షెడ్డు నీలం రేకులు పరిచారు. చాలకపోతే ఎవరో కోళ్ల గూటి మీది రేకు, ఎవరో బాత్రూము రేకు తెచ్చారు. మర్నాడు పొద్దెక్కేదాకా ఇదే పని. చివరి బోల్టు బిగిసింది. కింద తడిసి ముద్దయిన అయ్యగారు చేతులెత్తి స్తుతించి "ఆమేన్" అన్నారు. ఆ మాట పూర్తయీ కాకుండానే, కుళాయి కట్టేసినట్టు వాన ఆగింది. మబ్బు చీలి యారాడ కొండ మీద ఇంద్రధనుస్సు నిలబడింది. ఆ ఎండలో, ఆ మెరుపులో, సందు చివర ఆటో వచ్చి ఆగింది.

కూతురు దిగింది. మామ్మ ఎర్రనీళ్లతో దిష్టి తీసి, గుమ్మంలో పారబోసి, పిల్లని చేతుల్లోకి తీసుకుంది. మా వాళ్లు పాట ఎత్తుకోబోయారు. అయ్యగారు చెయ్యెత్తి ఆపారు. "నిద్దరోతంది" అన్నారు. తర్వాత ఒక్కరే మేడెక్కి, మైకు గొట్టం ఊడదీసి, చంకలో పెట్టుకుని దిగారు. మళ్లీ అది పైకెక్కలేదు.

క్రిస్మస్ సాయంత్రం పక్క వీధి సంఘం వాళ్లు కేకు పట్టుకుని వచ్చారు. మా మేడ మీద చూశారు, ఆకాశంలో చూశారు. "మీది ఏదీ, కనబడదేటి?" అన్నాడు వాళ్ల పెద్ద, జాలి పడుతున్నట్టు.

"మాది చూడాలంటే లోపలికి రావాలి" అన్నాన్నేను.

మామ్మ గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడింది. "కాళ్లు తుడుసుకోండి. గట్టిగా మాటాడినోళ్లు బయటికే." ఒకళ్ల వెనక ఒకళ్లు లోపలికెళ్లి తలలెత్తారు. ఇనుప గొట్టాల వెంబడి మా కుర్రాళ్లు చుట్టిన చిన్న బల్బులు, వాటి కింద ఉయ్యాల, ఉయ్యాల్లో కళ్లు పైకి పెట్టి గుప్పిళ్లు ఆడిస్తున్న పిల్ల. వాళ్ల పెద్ద చాలాసేపు చూశాడు. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ, "పెద్దదే" అన్నాడు. ఆ ఒక్క మాటని నేను ఇంతవరకూ కొంచెం కూడా పెంచకుండా పదిమందికీ చెబుతున్నాను. దానికి ఆ అవసరం లేదు.

సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకి మామ్మ మొదటిసారి మా మెట్లెక్కింది. కూరలో ఉప్పు చాలలేదంది. కొంగు కింద నుంచి నెత్తళ్ల వేపుడు గిన్నె తీసి పంక్తిలో పెట్టింది. మెతుకు మిగలకుండా తిన్నాం. సందులోకి పొడుచుకొచ్చిన నక్షత్రం కొమ్ముకి ఇప్పుడు ఆమె ఎండు చేపల బుట్ట తగిలిస్తోంది. ఆనాడు బాలయేసుకి జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చారు కానీ, తిండికి పనికొచ్చేది ఏదీ తేలేదని ఆమె వల్లే మాకు తట్టింది.

సరే, అబద్ధం. మీరు నక్షత్రమే అబద్ధమనుకుని ఉంటారు. అది నిజం, కొలత కూడా నిజమే. మామ్మ గుమ్మంలో కాళ్లు తుడుచుకుని మీరే వెళ్లి చూసుకోవచ్చు. నేను కల్పించింది వాన ఆగడం. ఎండ రాలేదు, ఇంద్రధనుస్సు అసలే లేదు. అయ్యగారు "ఆమేన్" అన్నాక వాన ఇంకా పెద్దదయింది. ఆటో దగ్గర్నుంచి గుమ్మం దాకా మా వాళ్లూ జాలర్లూ రెండు వరసల్లో నిలబడి, నెత్తిన పట్టాలు ఎత్తి పట్టుకుంటే, ఆ పట్టాల కింద నుంచి తల్లీబిడ్డా ఇంట్లోకి నడిచారు. ఆ రాత్రంతా, మర్నాడంతా కురుస్తూనే ఉంది. రేకుల మీద ఆ మోత మా పాత మైకుకి కూడా సాధ్యం కాదు.

లోపల ఒక్క చుక్క పడలేదు. పిల్ల లేవలేదు.

దీనికి మాత్రం నేను గాలి కొట్టలేదు.