పూజ అయిన బండికి పానా పెట్టరాదు

మిలిటరీ బండి అంటే మేలైన బండి అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాటను మా బంధువుల్లో పదేళ్ళు ప్రచారం చేసింది నేనే కాబట్టి ఇంకాస్త ఎక్కువ మండుతుంది.

పదహారేళ్ళు సైన్యంలో లారీలు బాగుచేసే ఫిట్టరుగా పనిచేసి ఇంటికొచ్చాను. ఆదోనిలో ఆలూరు రోడ్డు పక్కన చిన్న షెడ్డు పెట్టుకున్నాను. పెళ్ళికి పోయినా, దినానికి పోయినా, భోజనాలయ్యాక పదిమంది చుట్టూ చేరి మిలిటరీ కబుర్లు చెప్పమనేవారు. కాల్పుల కథలు నా దగ్గర లేవు. నేను తుపాకీ కంటే పానా ఎక్కువగా పట్టినవాణ్ణి. అందుకని బండ్ల గురించి చెప్పేవాణ్ణి. ప్రతి బండికీ ఒక పుస్తకం ఉంటుందని, నెలనెలా విప్పి చూస్తారని, చూసినవాడు సంతకం పెడతాడని, పొరపాటు జరిగితే వాడి పని అయిపోయినట్టేనని. వినేవాళ్ళు నోళ్ళు తెరుచుకుని వినేవారు. అందరికంటే పెద్దగా నోరు తెరిచింది మా బావ.

బావ అంటే మా అక్క మొగుడు. ఆస్పరి దాటి లోపలికి పోతే వాళ్ళ ఊరు. వాన వచ్చిన ఏడాది, రాని ఏడాది అని లేదు, పత్తి అయిపోగానే ఆ ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. మా వైపు దాన్ని సుగ్గికి పోవడం అంటారు. ఆ జనాన్ని కూడగట్టి తీసుకుపోయే మేస్త్రీ మా బావ. అక్క కూడా వాళ్ళతోపాటే పోయి కాయలు కోస్తుంది. ప్రతి ఏడూ ఎవరిదో ఒక లారీ బాడుగకు మాట్లాడుకునేవారు. రెండేళ్ళ కిందట బావకు సొంత బండి పిచ్చి పట్టింది.

ఎమ్మిగనూరులో ఒక దళారి ఉన్నాడు. సైన్యం ఇక వద్దనుకుని వేలం వేసిన లారీలను ఎక్కడెక్కడి నుంచో తెచ్చి, రంగు కొట్టి అమ్ముతాడు. బావ అతని దగ్గరికి పోయి, చెరువులో ఉన్న బర్రెను బేరమాడినట్టు, ఒక్క చక్రం కూడా విప్పించకుండా బండి కొనేశాడు. నాకు మాటమాత్రం చెప్పలేదు. మూడో రోజు ఫోన్ చేసి, వచ్చి చూసి పొమ్మన్నాడు. చూడమనడం పేరుకే. అది పొగడమని పిలుపు.

మోటారుసైకిల్ మీద పోయాను. ఇంటి ముందు బండి నిలబడి ఉంది. ఆకుపచ్చ రంగు ఇంకా వాసన కొడుతోంది. ముందర గుమ్మడికాయ పగలగొట్టి ఉంది, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు నలిగి ఉన్నాయి, బంపరుకు పసుపూ కుంకుమా. ఊళ్ళో జనం సగం అక్కడే ఉన్నారు. సోమవారం పొద్దున ఆ బండి నలభైమందిని ఎక్కించుకుని సుగ్గికి బయలుదేరబోతోంది. అందులో పదిమంది దాకా బడి మాన్పించి వెంట తీసుకుపోయే పిల్లలు.

నేను బండి చుట్టూ తిరిగాను. టైర్ల మీద అచ్చు చెక్కుచెదరలేదు. అదే నాకు నచ్చలేదు. వంగి పక్కన ముద్రించిన అంకెలు చూశాను. ఆ టైర్లు నా పెద్దకూతురు పుట్టిన ఏడాది తయారైనవి. ఆమె అప్పటికే కాలేజీకి పోతోంది. తిరక్కుండా ఎండలో నిలబడి నిలబడి రబ్బరు చుట్టూ కాలి మడమల మాదిరి పగుళ్ళిచ్చింది. కిందికి దూరితే గ్రీజు ఎక్కించే చిన్న మొనలు, నిపుల్స్ అంటాం, అన్నీ రంగు కింద పూడిపోయి ఉన్నాయి. రంగు పగలలేదంటే గ్రీజు ఎక్కలేదనే. బ్రేకు తొక్కితే మొదటిసారి కాలు నేలకు తగిలింది, మూడోసారికి గట్టిపడింది. డబ్బాలో బ్రేక్ ఆయిలు కషాయం రంగులో ఉంది. పైన పటారం, లోన లొటారం అని మనసులో అనుకుని పైకొచ్చి, చక్రాలు విప్పి చూడాలన్నాను.

బావ ముఖం మాడిపోయింది. పూజ చేసిన బండికి బోణీ కాకముందు పానా పెట్టకూడదని మా వైపు పట్టింపు. మొదటి ప్రయాణం కాకుండా చక్రం ఊడదీస్తే ఇంటి యజమాని ఆయుష్షు ఊడుతుందంటారు. తెలివైనవాళ్ళు విప్పి చూడాల్సిందంతా చూసుకుని అప్పుడు కొబ్బరికాయ కొడతారు. మా బావ ముందే కొట్టాడు. అక్క గడపలోంచే నా వంక గుర్రుగా చూసింది. ఆమెకు అది బ్రేకుల మాట కాదు, తాళిబొట్టు మాట.

బావ లోపలికి పోయి ఒక పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. దళారి బండితోపాటు ఇచ్చాడట. నెలనెలా బ్రేకులు చూసినట్టు, ఆయిలు మార్చినట్టు, గ్రీజు కొట్టినట్టు రాసి ఉంది. ప్రతి వరుస చివరా సంతకం ఉంది.

"నీలాంటోల్లే కదప్పా ఈ సంతకాలు పెట్టింది" అన్నాడు.

మూడేళ్ళ రాతలు ఒకే పెన్నుతో ఉన్నాయి. ఒకే వాలు, ఒకే తొందర. వాటిని చూడగానే నాకు చెవుల వెనక వేడి పుట్టింది. అన్ని చోట్లా ఇంతేనని అనను. నిక్కచ్చిగా పనిచేసినవాళ్ళు నాకు తెలుసు. నేను వాళ్ళలో ఒకణ్ణి కాదు. పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడని తెలిస్తే టైర్లకు నల్లరంగు పూసి, ఇంజన్లు డీజిలు గుడ్డతో తుడిచి, రాయకుండా మిగిలిపోయిన పుస్తకాల గుట్ట నా ముందు పెట్టేవారు. మూడు నెలల తనిఖీ ఒక్క మధ్యాహ్నంలో చేశాను, కాగితం మీద. అనుమానం రాకుండా రెండు పెన్నులు వాడే తెలివి కూడా నాకుండేది. ఈ పుస్తకం రాసినవాడికి ఆ ఓపిక కూడా లేకపోయింది.

ఆ సంగతి అక్కడ చెప్పాల్సింది. చెప్పలేదు. పదేళ్ళుగా కట్టుకున్న గొప్ప ఒక్క మాటతో కూలిపోతుందని నోరు రాలేదు. బదులుగా రబ్బరు గురించి, ఆయిలు గురించి పాఠం చెప్పాను. బావ విని, నా షెడ్డుకు గిరాకీ లేక ఆయన బండి మీద పడ్డానన్నాడు. సొంత అక్క ఇంట్లో వ్యాపారం వెతుక్కునేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానని నలుగురిలో నవ్వాడు. నలుగురూ నవ్వారు. అక్క తెచ్చిన మజ్జిగ ముట్టకుండా మోటారుసైకిలెక్కి వచ్చేశాను. దారంతా ఆయన్ని తిట్టుకున్నాను. పోతే పోనీ, గోతిలో పడనీ అని కూడా అనుకున్నాను. అనుకున్నది అనుకున్నట్టే రాస్తున్నాను.

సోమవారం పొద్దున జాకీ, పానా గోనెసంచిలో కట్టుకుని మళ్ళీ పోయాను. మనసు మారి మంచివాణ్ణయ్యానని కాదు. వెనక ఎక్కబోయే పిల్లల ముఖాలు ఒక పక్క, ఆ సంతకాలు ఒక పక్క, రెండు రోజులుగా అన్నం సయించలేదు.

బండి నిండుతోంది. జొన్నపిండి మూటలు, పొయ్యిలు, నీళ్ళ బిందెలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. వెనక నిలబడిన ఆడవాళ్ళు పిల్లలను ఒక్కొక్కరినే పైకి అందుకుంటున్నారు. అక్క ముందు సీట్లో కూర్చుని ఉంది. నేను చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, ముందు కుడి చక్రం నట్టుకు పానా తగిలించాను. బావ పరుగున వచ్చి నా చొక్కా కాలరు పట్టుకుని లాగాడు. గుండీ తెగి మట్టిలో పడింది. నన్ను చంపాలని వచ్చావా అన్నాడు. ఆయన ఆ మాట నిజంగానే అన్నాడు. ఆయన కళ్ళలో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది.

అప్పుడు చెప్పాను, అందరికీ వినపడేలా.

"ఆ పుస్తకంలో సంతకాలు అబద్దం బావా. నాకెట్ల తెలుసంటే, నేనూ అట్లాంటివి పెట్టినా. బండిని ముట్టుకోకుండానే పెట్టినా."

ఆయన చెయ్యి వదిలేశాడు. ఎవరూ అడ్డం రాలేదు. చక్రం దించి, బ్రేకు డ్రమ్ము లాగాను. లోపల డ్రమ్మును ఒరుసుకుని బండిని ఆపాల్సిన లైనర్లు బ్రేక్ ఆయిల్లో నాని జిడ్డోడుతున్నాయి. బ్రేకు సిలిండర్లో ఉండే రబ్బరు వేలితో తీస్తే నల్లగా పిండి అయింది. బండి మీద నుంచి ఒక ముసలామె, అంటే ఏమవుతుందని అడిగింది. ఘాట్‌లో దిగుడు వస్తే ఇంత బరువుతో ఈ బండి ఆగదన్నాను. ఆమె మనవణ్ణి కిందికి అందించి, తన మూట తనే దించుకుంది. ఆమె వెనక ఒక్కొక్కరే దిగారు.

నాకెవరూ దండం పెట్టలేదు. పెడతారని ఎదురుచూసిన మాట మాత్రం నిజం. మధ్యాహ్నానికి పక్క ఊరి మేస్త్రీ తన బండ్లు పంపి బావ జనాన్నంతా ఎత్తుకుపోయాడు. ఇరవై ఏళ్ళుగా మేస్త్రీగా ఉన్న మనిషి ఆ ఏడు ఇంట్లోనే కూర్చున్నాడు. సాయంత్రం నేను పానాలు సర్దుకుంటుంటే అక్క దగ్గరికి వచ్చింది. మెచ్చుకుంటుందేమో అనుకున్నాను.

"అబద్దం పెండ్లిండ్లల్లో నవ్వుతా సెప్పినావు. నిజం సెప్పేకి నా మొగుని పరువు తియ్యల్లా? ఆ పొద్దు ఇంట్లోకి పిల్చి సెప్పింటే సాలదా?"

చాలేది. చేసిన మేలు గురించి లోపల ఉబ్బుతున్న గాలి అంతా ఆ మాటతో పోయింది.

ఆ తర్వాత మూడు వారాలు షెడ్డు మూసి, రోజూ ఆ ఊరికి పోయి బండి పని చేశాను. కదల్చడానికి వీల్లేదు కాబట్టి ఇంటి ముందే రాళ్ళ మీద ఎత్తిపెట్టి విప్పాను. సామాను కొంత ఎమ్మిగనూరులో దొరికింది, కొంత హైదరాబాదు పాత ఇనుము అంగళ్ళ నుంచి తెప్పించాను. సిలిండర్లు, రబ్బర్లు, పైపులు, టైర్లు అన్నీ మార్చాను. ఆ మూడు వారాల్లో బావ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఏదన్నా చెప్పాలంటే గోడతో చెప్పేవాడు. ఇంట్లోంచి గ్లాసెడు నీళ్ళు రాలేదు. నేనూ అడగలేదు, సీసాతో తెచ్చుకునేవాణ్ణి. ఇద్దరం కావలసినంత మొండివాళ్ళం.

పని అయ్యాక ఊరి బయట దిగుడులో ఇసుక మూటలతో నింపి నడిపి చూశాను. తొక్కినచోట ఆగింది. మూడుసార్లు దిగాను, మూడుసార్లూ ఆగింది. తెచ్చి ఇంటి ముందు పెట్టి, ఇక వచ్చే సుగ్గికి జనాన్ని ఎక్కించుకోవచ్చు, పూచీ నాది అన్నాను. కావాలంటే రాసి సంతకం పెడతానన్నాను. ఎందుకన్నానో, నోటి అలవాటు.

బావ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మొదటిసారి నా ముఖంలోకి చూసి మాట్లాడాడు.

"నీ సంతకం నాకొద్దు. రేపు నీ పెండ్లాన్ని, నీ బిడ్డలను పిల్చుకోని వచ్చి ఈ బండెనకాల ఎక్కిచ్చు. దేవనకొండ దాకా నేనే తోల్కోని పోయి తిరిగొస్తా. ఆమీట మా జనాన్ని ఎక్కిస్తా."

సరే అనాలి. పని సరిగ్గా ఉందని నాకు తెలుసు. కానీ నోట్లోంచి మాట వెంటనే రాలేదు. రెండు క్షణాలు ఆలస్యమైంది. బావ అది చూశాడు. చూశాడని నాకూ తెలిసింది. సరే, తీసుకొస్తానన్నాను. అని, మోటారుసైకిల్ తాళం మళ్ళీ జేబులో వేసుకుని, చొక్కా విప్పి గట్టు మీద పెట్టి, జాకీ తీశాను.

మొదట విప్పింది వెనక ఎడమ చక్రం. చక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచే హబ్బు నట్టు వదులు కాకుండా దాని మీదికి మడిచే రేకు ఒకటి ఉంటుంది. దాన్ని నేను మడవలేదు. దిగుడులో మూడుసార్లు నడిస్తే ఏమీ కాదు. గుంటూరు దాకా నిండు బరువుతో పోతే నట్టు తిరిగి తిరిగి ఊడి, చక్రం బయటికొచ్చేది.

ఏముందని బావ అడిగాడు. చెప్పాను. మరిచిపోయింది నేనేనని, ఎవరూ చూడకపోతే ఏమయ్యేదో కూడా చెప్పాను. తిడతాడనుకుని చేతిలో సుత్తితో అలాగే కూర్చున్నాను. ఆయన తిట్టలేదు.

"ఇంకా మూడు ఉండాయి కదా, అవీ సూడు" అని, లేవకుండా అక్కడే కూర్చున్నాడు.