ఐలి పెట్టిన ఎర్ర చుక్క

అమెరికాలో డులూత్ రేవుకు ఇనుప ఖనిజం మోసే రైళ్ల సిగ్నళ్లు చూసుకుంటూ బతుకంతా గడిపిన వెర్నర్ సాలో అనే అతనికి, రిటైరయ్యాక మిగిలిన లోకం ఒక్కటే: బేస్‌మెంటులోని పెద్ద చక్రాల టేపురికార్డరు. మూతపడ్డ రేడియో స్టేషను వాళ్ల దగ్గర కొన్నాడు. కొన్నాడన్న మాటే గాని, ఇప్పుడు అందులో పెట్టె తప్ప పాతదేమీ లేదు. కెపాసిటర్లన్నీ పీకేసి కొత్తవి టంకం పెట్టాడు. హెడ్డు నుంచి వచ్చే వైర్లను తను స్వయంగా చేసుకున్న యాంప్లిఫయరుకు కలిపాడు. మోటారు చప్పుడు పాటలో దూరకుండా కింద మందపాటి రబ్బరు పరిచాడు. ఊళ్లో ఇలాంటి పిచ్చివాళ్లు ఇంకో నలుగురున్నారు. ఆదివారాలు వచ్చి కాఫీ తాగి, ఒకరి యంత్రాన్ని ఒకరు ఆడిపోసుకుని వెళ్తారు. వెర్నర్ యంత్రాన్ని అనడానికి మాత్రం ఎవరికీ నోరు రాదు.

కారణం ఒక చిన్న స్క్రూ మర. టేపు రాసుకుంటూ పోయే హెడ్డు నిటారుగా నిలబడేది ఆ మర మీదే. వెంట్రుకవాసి వాలినా, మాటల్లోని స, చ, త లన్నీ ఎగిరిపోయి, నోటికి దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంటుంది. హెడ్డు సరిచూసుకోవడానికని శ్రుతులు నింపి అమ్మే కొలత టేపు ఆడించి, ఒక చలికాలమంతా తిప్పీ తిప్పీ వెర్నర్ దాన్ని నిటారుగా నిలబెట్టాడు. కుదిరిన మర మళ్లీ కదలకుండా దాని మీద గోళ్లరంగు చుక్క పెట్టడం ఈ పనిలో ఆనవాయితీ. అప్పటికే అతని చేతులు వణుకుతున్నాయి. భార్య ఐలి మేడ మీంచి తన ఎర్రరంగు సీసా పట్టుకొచ్చింది.

"జరుగు. ఇన్నేళ్లలో నా గోళ్లకు ఎన్నడైనా ఇంత ముచ్చటపడ్డావా?" అంటూ, ఊపిరి బిగబట్టి, ఆ మర తల మీద చుక్క పెట్టింది.

మంచు కరగకముందే ఆమె పోయింది. సీసాలో రంగు ఎండి రాయైపోయింది. చుక్క మాత్రం ఉంది. రోజూ యంత్రం ఆన్ చేసే ముందు వెర్నర్ కళ్లు దాని మీదికే పోయేవి. ఇది నలుగురిలో చెప్పుకునే సంగతి కాదు కనుక, ఎవరికీ చెప్పలేదు.

ఐలి పోయిన కొన్నేళ్లకు, ఒక మార్చిలో డెనీస్ వచ్చింది. సిగ్నళ్ల పనిలో వెర్నర్‌తో జతగా తిరిగిన క్లెమ్ బరాగా అనే అతని కూతురు. ఆమెకు రెండేళ్లప్పుడు క్యాన్సరని క్లెమ్ గొంతు తీసేశారు. అప్పటినుంచీ అతను మెడకు ఒక గొట్టం ఆనించుకుని, తుమ్మెద రొదలాంటి ఒకే శ్రుతిలో మాట్లాడతాడు. నలభై దాటిన డెనీస్‌కి తండ్రి అసలు గొంతు ఎలా ఉండేదో తెలియదు. ఇప్పుడు జబ్బు ఊపిరితిత్తులకు పాకింది, డాక్టర్లు చేతులెత్తేశారు. ఇల్లు సర్దుతుంటే అటక మీద ఒక టేపు స్పూలు దొరికింది. డబ్బా మీద తల్లి రాత: 'క్లెమ్, పాప'.

"నాన్న ఉండగానే వినాలి బాబాయ్," అంది. వెనకే క్లెమ్, ఆయాసపడుతూ మెట్లు దిగి, గోడవారన కుర్చీలో కూలబడ్డాడు.

వెర్నర్ టేపు ఎక్కించాడు. ఎవరో మగమనిషి మాట్లాడుతున్నాడని తెలుస్తోంది, అంతే. ఒక్క మాట కూడా విడివడలేదు. టోను పెంచితే బుసలు పెరిగాయి గాని మాట పెరగలేదు.

"వంకర టేపులో ఉందమ్మా, నా యంత్రంలో లేదు," అన్నాడు వెర్నర్. నిజమే. ఏదో చవక మిషను మీద, వాలిపోయిన హెడ్డుతో, టేపు ఆదా అవుతుందని నెమ్మది వేగంలో రికార్డు చేశారు.

"మరి వంకరదాన్ని వంకరగానే వినాలేమో?"

వెర్నర్ చూపు ఎర్ర చుక్క మీద పడింది. ఉపాయం అతనికి తెలుసు. యంత్రాన్ని అంతే వంకర చేస్తే గొంతు వస్తుంది. మరను మళ్లీ దారికి తెచ్చుకోవడం ఒక పూట పని. కానీ పగిలిన చుక్కను ఏ కొలత టేపూ తెచ్చివ్వదు. నా దగ్గర కాదు, ఇంకెక్కడికైనా తీసుకెళ్లు అనబోయాడు. కుర్చీలో ఉన్న మనిషిని చూస్తే, ఇంకెక్కడికో వెళ్లేంత వ్యవధి కనిపించలేదు. వెర్నర్‌కి ఏడుపొచ్చినంత పనైంది. స్క్రూడ్రైవరు తీశాడు.

క్లెమ్ గొట్టం గొంతుకు ఆనించాడు. "వద్దురా. అది ఐలిది." ఆ చుక్క సంగతి వాడికెలా తెలుసో!

"తెలుసులే. నోర్మూసుకో."

"అది డాక్టర్లు ఎప్పుడో మూయించారు గదరా," అని క్లెమ్ చప్పుడు లేకుండా, భుజాలు ఊగేలా నవ్వాడు.

వెర్నర్ మర తిప్పాడు. ఎర్ర పెచ్చు టప్పున లేచి ఎక్కడో పడిపోయింది. అతను వెతకలేదు. టేపు తిరుగుతుండగా, చెవొగ్గి, మరను అంత, ఇంకాస్త, వెనక్కి కొంచెం తిప్పుతుంటే దుప్పటి తొలగినట్టయింది. గదిలో ఒక కుర్రవాడి గొంతు, నిండుగా, కాస్త గరగరగా పలికింది.

"తిరుగుతోందా ఇది? డెనీస్, ఇటు రా తల్లీ. నాన్నా అను. ఏదీ, నాన్నా అను."

టేపులో ఉలుకూ పలుకూ లేదు. బుస ఒక్కటే వినబడుతోంది.

"నాన్నా," అంది డెనీస్.

"పలకదు. మొండిఘటం. అచ్చం వాళ్లమ్మే," అని టేపులో నవ్వాడు క్లెమ్. కుర్చీలోని క్లెమ్ గొట్టాన్ని ఒళ్లో పెట్టేసుకుని కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

రేవులో మంచు విరిగేలోపు డెనీస్ ఇంకా చాలాసార్లు వచ్చింది. మొదట తండ్రితో, తరవాత ఒక్కతే. ఒకసారి తన సంచిలోంచి గోళ్లరంగు తీసి, "పెట్టనా బాబాయ్?" అంది. వెర్నర్ తల అడ్డంగా ఊపాడు.

ఆదివారం ఆ నలుగురు కాఫీ నేస్తాలూ మామూలుగానే తమ టేపులతో వచ్చారు. పాట మొదలవగానే మొహాలు చూసుకున్నారు. చివరికి ఒకడు ధైర్యం చేసి, "వెర్నర్, నీ హెడ్డు వాలిపోయినట్టుందిరా. పాటంతా మూగగా ఉంది," అన్నాడు.

వెర్నర్ కాఫీ కప్పు కింద పెట్టి, చుక్క లేని ఆ మర వైపు ఒకసారి చూశాడు.

"వంకర మీ టేపుల్లో ఉందిరా," అన్నాడు. "నా యంత్రం తిన్నగానే ఉంది."