లోయ మొగదల గ్రేసమ్మ

దాచేపల్లి దగ్గరి ఆ లోయలో ఎండాకాలం కూడా ఊట ఆగదు. బావులు ఎండితే ఊరి మనుషులూ మేకలూ అక్కడికే దిగాలి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడు, లోయ గోడల్లోని సున్నపురాయి కోసం పట్నం నుంచి కంట్రాక్టరు వచ్చాడు. రాయి పగలగొడితే ఊట పోతుందని ఊరంతా వేలిముద్రలు వేసి సర్కారుకు పంపిన అర్జీలకు జవాబు రాలేదు. కంట్రాక్టరు వెంట వచ్చిన రాళ్ల మేస్త్రి మాత్రం ఒక మాట అన్నాడు: "సమాధి పక్కన మేం సమ్మెట ఎత్తం."

ఆ వారమే జక్కయ్య భార్య గ్రేసమ్మ జ్వరంతో పోయింది.

చర్చి సంఘ పెద్ద బాలశౌరి వచ్చి జక్కయ్య పక్కన కూర్చుని, ఏదో అడగబోయి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఏందన్నా, అడగరాదా?" అన్నాడు జక్కయ్య.

"మరదల్ని మనోళ్ల సమాధుల దొడ్లో కాకుండా, లోయ మొగదల మట్టి చేద్దామా తమ్ముడూ?"

"దానికి ఒక్కతే ఉండాలంటే చానా భయం. నేను చేలోకి పోతే పక్కింట్లో పోయి కూసునేది."

బాలశౌరి లేచాడు. "పోనీలేరా. నేనడగలేదనుకో."

అతను వాకిలి దాటుతుంటే జక్కయ్య పిలిచాడు. "ఆ మేస్త్రికి కనపడేట్టు తవ్వించన్నా."

కంట్రాక్టరు వేరే కొండ చూసుకున్నాడు.

సమాధుల పండుగనాడు ఊళ్లో క్రైస్తవులంతా దొడ్లో కొవ్వొత్తులు వెలిగించి, ఒకరినొకరు పలకరించుకున్నారు. జక్కయ్య ఒక్కడే లోయకు పోయాడు. గాలికి కొవ్వొత్తి నిలవలేదు. ఇవాళ నీళ్లకు ఎవరెవరు వచ్చి పోయారో పేరుపేరునా గ్రేసమ్మకు చెబుతూ చీకటి పడేదాకా కూర్చున్నాడు.