పిట్టల మాస్టారి చలికోటు

కొండమీది బడిలో సైన్సు చెప్పే ఆయన్ని అందరూ పిట్టల మాస్టారనే అంటారు. ఆయన ఇంటి కిటికీ బయట కొమ్మ మీద చిట్టి పిట్టలు చలికి ఈకలు ఉబ్బించి బంతుల్లా అయిపోయి, ఒక కాలు పొట్టకింద, ముక్కు రెక్కల్లో దాచుకుంటాయి. అది చూసి ఈయనా వదులు కోటు తొడుక్కుని, ఒంటికాలి మీద నిలబడి టీ తాగుతాడు. ముక్కు దాచుకోవడం ఒక్కటే ఇంకా అబ్బలేదు. మంచు కురిసిన రోజున, కోటు మరింత ఉబ్బాలని భార్య తలగడ కోసి దూదంతా అందులో కూరాడు. ఆవిడ సాయంత్రందాకా పలకలేదు. అంతలో హీటరు చెడిపోయింది. ఆవిడ విసవిసా వచ్చి ఆయన్ని ఆనుకుని కూర్చుంది.

“ఏమే, కోపం పోయిందా?” అన్నాడు మురిసిపోతూ.

“ఎక్కడికి పోతుంది? ఎండ రానివ్వండి, మీ పని చెప్తా. ఆ కొమ్మ మీద ఒరుసుకుని కూర్చున్నవన్నీ ప్రేమతోనే కూర్చున్నాయా ఏంటి?”

మాస్టారికి ముక్కు దాచుకోవడం కూడా ఆ క్షణమే అబ్బింది.