ఏలూరులో ఎయిర్ ఫిల్టరు కొన్న రోజు

ఇది నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మావారి మోటారు సైకిలు చెడిపోయిన రోజుల్లోనే నేను సంతోషంగా ఉండేదాన్ని.

ఆయన తాడేపల్లిగూడెంలో ఒక రైసు మిల్లుకి ధాన్యం కొనిపెట్టే పని చేసేవారు. పెళ్లయి నేను ఆ ఊరు వచ్చేసరికే ఆయనకి ఒక పాత బండి ఉంది. యుద్ధమయ్యాక మిలిటరీ వాళ్లు అమ్మేస్తే, రెండు మూడు చేతులు మారి వచ్చింది. తెల్లారకముందే దాని మీద ఊళ్లమ్మట వెళ్లి, దీపాలు పెట్టాక వచ్చేవారు. "పులుసు బాగుంది" అనో, "ఇవాళ ఎండ మండిపోయింది" అనో ఒక్క మాట అని పడుకునేవారు. కోపం మనిషేం కాదు. నాలాగే నోట్లోంచి మాట ఊడిపడదు, అంతే. మాది ఒక పెద్ద ఇంట్లో రెండు గదుల వాటా. పుట్టింటి నుంచి తెచ్చుకున్న పుస్తకాలు బట్టల పెట్టె అడుగున దాచుకుని, మధ్యాహ్నాలు తలుపు దగ్గరగా వేసి చదివేదాన్ని. చదివినదాని గురించి చెప్పుకోవడానికి ఎవరూ లేక డైరీలో రాసుకునేదాన్ని.

బండి చెడితే మాత్రం ఆయన ఇంట్లో ఉండేవారు. పెరట్లో గోనె పరిచి, భాగాలన్నీ విప్పి వరసగా పెట్టేవారు. నేను కిరసనాయిలు గిన్నె పట్టుకుని పక్కన కూర్చునేదాన్ని. చేతులకి పని దొరికితే ఆయనకి నోరు విచ్చుకునేది. కొల్లేట్లో దోనె వెళ్తుంటే పిట్టలు ఎలా లేస్తాయో, చిన్నప్పుడు కాలవలో ఎలా మునిగిపోబోయారో, అన్నీ అక్కడే చెప్పారు. నన్ను మొదటిసారి పేరు పెట్టి పిలిచింది కూడా ఆ గోనె మీద కూర్చునే.

ఆ వేసవిలో బండి మరీ మొండికేసింది. కొల్లేరు ఎండిపోయి, ఒడ్డు దారులన్నీ పిండిలాంటి దుమ్ము. ఇంజను పీల్చుకునే గాలిలోంచి ఆ దుమ్ముని ఆపడానికి ఎయిర్ ఫిల్టరని ఒక తీగల జల్లెడ ఉంటుంది. దాన్ని ఇంజనాయిల్లో ముంచి బిగించాలి. మావారు ఆ పనిలో ఉండగా మా ఇల్లుగలావిడ అరుగు మీంచి చూసింది.

"ఆ నల్లటి నూనెందుకండీ, వేడి చేసి చస్తుంది. ఆముదం పట్టించండి. తలకి చలవ చేసేది బండికి చెయ్యదా?"

మావారికి అది సబబుగానే తోచింది. జల్లెడ నిండా ఆముదం పట్టించారు. కొద్ది రోజుల్లోనే కొల్లేటి దుమ్మూ, మిల్లు దగ్గర ఎగిరే తవుడూ ఆ జిడ్డులో కలిసి తారులా గట్టిపడ్డాయి. బండికి ఊపిరాడక, నల్లగా పొగ కక్కి దారిలో నిలబడిపోయింది. ఎడ్లబండి మీద వేసుకుని ఇంటికి తెచ్చారు.

"చలవ చేసిందాండీ?" అన్నాను. పెళ్లయ్యాక నేను ఆడిన మొదటి వేళాకోళం అది. ఆయన కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు.

ఎంత కడిగినా ఆ జల్లెడ బాగుపడలేదు. వేరేది కొనడానికి రైల్లో ఏలూరు వెళ్లాం. ఆయన చదువు ఊళ్లో బడితోనే ఆగింది. సామాన్ల డబ్బాల్లో వచ్చే కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, నాకు అది చదవడం వచ్చు గనక నన్ను రమ్మన్నారు. రైల్లో ఆయన మొహం వెలిగిపోతోంది.

"మా మిల్లు ఆసామి ఏమన్నాడో తెలుసా? బండి నమ్మకంగా తిరిగితే కొల్లేరు అవతలి ఊళ్లన్నీ నాకే అప్పజెప్తాట్ట. సోమవారం వెళ్తే మళ్లీ శనివారమే రావడం. నా కింద మనుషుల్ని కూడా ఇస్తాట్ట."

"మంచిదేగా," అని కిటికీలోంచి బీడు పొలాలు చూస్తూ కూర్చున్నాను.

ఏలూరులో బండి సామాన్ల కొట్టతను మూడు రకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి బాకా మూతిలా తళతళలాడుతోంది. ఒకటి మా పాత జల్లెడ లాంటిదే. మూడోది పెద్ద రేకు డబ్బా, లోపల కంబళి లాంటి మందపాటి ఉన్ని.

"ఈ మెరిసేది తీసుకోండి," అన్నాడతను. "గాలి బాగా లాగుతుందండి. బండి రివ్వున పోద్ది."

మావారి చెయ్యి అప్పటికే దాని మీద ఉంది. నేను కాగితాలు తీసుకుని చదవడం చూసి కొట్టతను నవ్వాడు. "అమ్మగారు తోల్తారేంటండీ బండి?"

"తోలేది నేనే. ఏది కొనాలో చెప్పేది ఆవిడ," అన్నారు మావారు.

నా చెవులు వేడెక్కాయి. కాగితాల్లో ఉన్నది తేలిగ్గానే అర్థమైంది. మెరిసేది మంచి తారు రోడ్లకి. ఉన్నిది దుమ్ము దేశాలకి. దానికి నూనె అక్కర్లేదు, తీసి దులిపితే చాలు. మెరిసేదాన్ని చూపిస్తే ఆయన ఆనందంగా కొనుక్కునేవారు. వర్షాలు పడేలోగా బండి మళ్లీ చెడి, పెరట్లో గోనె పరుచుకునేది. కొల్లేరు అవతలి ఊళ్లు ఇంకొకరికి పోయేవి, ఆయన నాకు మిగిలేవారు. అదే కాగితాన్ని మళ్లీ మొదట్నుంచీ చదివాను.

"ఏమంటోంది?" అని అడిగారు. నేనేం చెబితే అదే నిజమన్నట్టు నా వంక చూస్తున్నారు.

"ఈ పెద్దదేనండీ," అన్నాను. "కాస్త నెమ్మదిగా లాగుతుందిట గానీ, మన దారులకి ఇదే మంచిదట."

"అదాండీ? సత్తుగిన్నె కట్టుకు తిరిగినట్టుంటదండి!" అన్నాడు కొట్టతను.

"ఉండనివ్వవయ్యా. ఆవిడ చదివిందిగా," అని మావారు అదే కట్టమన్నారు. తిరుగు రైల్లో దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చున్నారు. ఆ రోజు డైరీలో "ఏలూరు వెళ్లొచ్చాం" అని మాత్రం రాశాను.

ఆ తర్వాత బండి ఒక్కసారీ చెడలేదు. ఆదివారం పూట ఆ ఉన్ని తీసి గోడకేసి కొట్టేవారు. దుమ్మంతా రాలిపోయేది. బిగించేసి లేచేవారు. దానికి నా గిన్నెతో పని లేదు, పక్కన మనిషితోనూ పని లేదు.

కోతలయ్యాక ఆసామి మాట నిలబెట్టుకున్నాడు. సోమవారం పొద్దున మావారు బట్టల సంచీ వెనక కట్టుకుని, ఒక్క తన్నుకే బండి స్టార్టు చేశారు. నేను గుమ్మం దిగి దగ్గరికి వెళ్లాను.

"ఏవండీ," అన్నాను. ఆ మోతలో వినపడక ఆయన చెవి ఇటు వంచారు. చెప్పాలనుకున్నది చెప్పలేక, "నెమ్మదిగా వెళ్లండి," అన్నాను.

"నాకేం భయం లేదు, మంచిది చూసి పెట్టావుగా," అని నవ్వారు. "సాయంత్రం నాకోసం చూస్తూ కూర్చోకు. పెందరాళే తినేసి, గడియేసుకుని పడుకో."