జంబుఖానా కింద పురుడు

మెదక్‌లో మా టెంట్‌హౌస్ అంటే తెలియని ఫంక్షన్ ఉండదు. బోర్డు మీద పేరు మా ఆయనది, కొట్టులో నోరు నాది. బేరాలాడేది నేను, విరిగిన కుర్చీకి డబ్బులు వసూలు చేసేది నేను, వాన పడిందని అడ్వాన్స్ వాపసు అడిగేవాళ్లను గుమ్మంలోంచే పంపించేది నేను. ఆయనకు మేకులు కొట్టడం, తాళ్లు బిగించడం తప్ప మాట్లాడే పని ఏదీ అప్పజెప్పలేదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి అప్పజెప్తే ఎవరో కళ్లనీళ్లు పెట్టుకున్నారని షామియానా ఊరికే వేసి వచ్చాడు మహానుభావుడు.

పోయిన ఎండాకాలం మా తమ్ముని బిడ్డకు సంబంధం కుదిరింది. ఎంగేజ్‌మెంట్ రిసార్ట్‌లో చేయాలని పిల్లగాని తరఫు వాళ్లు పట్టుబట్టారు. పాపన్నపేట దాటాక మంజీర బాగా వెడల్పయ్యే చోట నీళ్ల నడుమ ఒక దీవి ఉంది. నా చిన్నప్పుడు మేకలు తోలుకుపోయేవాళ్లు తప్ప ఎవరూ అక్కడికి పోయేవారు కాదు. ఇప్పుడు కాటేజీలు, ఉయ్యాలలు, చెట్టుకొక పక్షి బొమ్మ. 'వన్యప్రాణులను కాపాడుదాం' అని పెద్ద బోర్డు పెట్టి, ఆ బోర్డు చుట్టూ మిణుకు మిణుకుమనే సీరియల్ లైట్లు చుట్టారు. శని, ఆదివారాల్లో హైదరాబాద్ నుంచి కార్లే కార్లు. ఒడ్డునున్న గంగపుత్రుల వాడలో మగవాళ్లు వలలు పక్కన పెట్టి పడవల్లో టూరిస్టులను తిప్పుతున్నారు, ఆడవాళ్లు చేపల పులుసు వండి పెడుతున్నారు.

ఆ పులుసు వండే అవ్వ ఒకామె ఆ రోజు పొద్దున మాతోపాటే పడవలో వచ్చింది. రిసార్ట్ మేనేజరు మమ్మల్ని దీవికి పడమటి దిక్కున్న ఇసుక మీదికి తీసుకుపోయి, "స్టేజీ ఇక్కడ వేయండి మేడం, వెనకాల సూర్యాస్తమయం పడుతుంది" అన్నాడు. అవ్వ ఇసుక అంచునే ఆగి, నెత్తి మీది గంప దించి, నా రెక్క పట్టి వెనక్కి లాగింది.

"బిడ్డా, గా ఉసికె మీద మేమెవ్వరం కాలు వెట్టం. శివరాత్రి నుంచి మొదటి వాన పడేదాక గాడ అమ్మ పురిట్ల ఉంటది."

"ఏ అమ్మ?"

"గంగమ్మ ఎక్కి తిరిగేదున్నది గదా. మొసలి."

మేనేజరు పకపకా నవ్వాడు. "నేనొచ్చి ఆరు నెలలైంది మేడం. మొసలి కాదు కదా, దాని తోక కూడా చూడలేదు."

"నువ్వు సూసినవా అవ్వా?" అని అడిగాను.

"నేనెందుకు సూస్తనే? పురిటింట్లకు తొంగి చూస్తరా ఎవరన్న?" అని కసిరింది.

నాకు మనసు పీకింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, భయం కూడా వేసింది. కానీ పిల్లగాని తల్లి ఆ సూర్యాస్తమయం వీడియో చూసే రిసార్ట్ బుక్ చేయించింది. ఆమె మాట కాదంటే సంబంధానికే ఎసరు. మనకు అలవాటైన పనే చేశాను. ఇసుకలో పసుపు కుంకుమ చల్లి, అగరుబత్తి గుచ్చి, కొబ్బరికాయ కొట్టి, "గంగమ్మ తల్లీ, ఆడపిల్ల శుభకార్యం, తప్పుంటే మన్నించు" అని దండం పెట్టుకున్నాను. నా వైపు నుంచి లెక్క సరిపోయిందనుకున్నాను. మా ఆయన సుత్తి అందుకున్నాడు.

స్టేజీ ముందర పూల కమానుకు తాడు కట్టే మేకులు వచ్చేవాళ్ల కాళ్లకు తగలకూడదు. అందుకని వాటిని తలదాకా దిగ్గొట్టి, పైన జంబుఖానా పరుస్తాం. "వెన్నల దిగినట్టు దిగుతున్నయే," అన్నాడు మా ఆయన సంబరంగా. గట్టి నేలలో మేకులు కొట్టి కొట్టి అరచేతులు కాయలు కాసినవాడికి మెత్తటి ఇసుక దొరకడం పండుగే మరి.

సాయంత్రం చుట్టాలందరూ దిగారు. సోఫాలో పిల్లా పిల్లగాడూ, వెనకాల నీళ్ల మీద ఎర్రటి సూర్యుడు, అటొకటి ఇటొకటి డీజే డబ్బాలు. ఆ డబ్బాల దెబ్బకు నా కడుపులో పేగులు కదిలాయి. మంత్రాలు చదివే అయ్యగారు ఉంగరాలు తెమ్మన్నాడు. అప్పుడు వినబడింది నాకు, కాళ్ల కిందనుంచి. క్వాక్, క్వాక్ అని గొంతు నొక్కినట్టు. ఎవరిదో ఫోన్ మోగుతోందనుకున్నాను. పిల్లల బొమ్మ చెప్పులేమో అనుకున్నాను. ఒకటి ఆగితే ఇంకొకటి అందుకుంటోంది.

"చాచా, జర పాట బంద్ చెయ్యి!" అని మా లైటింగ్, డీజే చూసే చాచాను కేకేశాను.

పాట ఆగింది. కింది చప్పుడు ఆగలేదు. ఇంకా పెరిగింది. జనమంతా గప్‌చుప్. పిల్లగాని తల్లి పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని కిందికి చూసింది.

"వదినా, మీ జంబుఖాన కింద కుక్కపిల్లలున్నయా ఏంది?"

మా ఆయన వంగి జంబుఖానా అంచు ఎత్తాడు. ఇసుక పగిలి ఉంది. ఆ పగుల్లోంచి జానెడంత ప్రాణి ఒకటి, పసుపుపచ్చ ఒంటి మీద నల్ల పట్టీలతో, నోరు తెరిచి మా ఆయన మొహంలోకి చూస్తూ అరిచింది. దాని వెనక ఇంకో తల. ఆ వెనక ఇంకొకటి.

ముప్పయ్యేళ్ల సంసారంలో ఆయన గొంతు అంత పెద్దగా నేనెన్నడూ వినలేదు. "మొసలే!" అన్నాడు.

అనడం, స్టేజీ పక్కన నీళ్లు చీలడం ఒక్కసారే జరిగాయి. ముందు కళ్లు కనిపించాయి, తర్వాత వీపు. తర్వాత మొత్తం దేహం ఇసుక మీదికి వచ్చేసింది. ఓరి దేవుడా! మా ఇంటి మంచం కంటే పొడుగుంది. అయ్యగారు అందరికంటే ముందు ఉరికాడు. కుర్చీలు బోర్లాపడ్డాయి. పిల్లగాడు మా పిల్ల చేయి పట్టుకుని పరుగో పరుగు. నేను ఎటు ఉరికానో నాకే తెలియదు, చూసుకునేసరికి వంటల టేబుల్ వెనకాల ఉన్నాను. చెప్పులు లేవు.

అది మా వైపు చూడను కూడా చూడలేదు. జంబుఖానాను మూతితో పక్కకు నెట్టి, ముందు కాళ్లతో ఇసుక తోడడం మొదలుపెట్టింది. పిల్లలు బయటికి రాగానే నోరు తెరిచి ఒకదాన్ని పట్టుకుంది. పళ్ల మధ్య ఆ పట్టీల తోక కొట్టుకుంటూ కనిపించింది. నోరు మూసింది.

"తింటున్నదమ్మో! కన్నపిల్లలనే తింటున్నది!"

ఆ కేక వేసింది అవ్వే. పొద్దున అమ్మ అన్న నోటితోనే, "నువ్వేం తల్లివే, నీ నోట్ల మన్ను వడ!" అని తిట్టిపోసింది. చుట్టాల్లో పడుచువాళ్లు నలుగురు షామియానా కర్రలు పీకారు. ఒకడు రాయి అందుకున్నాడు. నేనూ కుర్చీ ఎత్తాను, సిగ్గెందుకు. ఇంకో పిల్లను పట్టుకుని, ఇంకోదాన్ని పట్టుకుని, దవడ కింద సంచిలా వేలాడుతుండగా అది నీళ్ల వైపు తిరిగింది. కర్రలవాళ్లు దాని తోకకు నాలుగు గజాల దూరంలోకి వచ్చేసరికి అది మోకాలిలోతు నీళ్లలోకి దిగింది.

"కొట్టకుండ్రి! ఆగుండ్రి! గీడ సూడుండ్రి!" అని ఫొటోగ్రాఫర్ అరిచాడు. భయానికి చెట్టెక్కి కూర్చున్నవాడు కెమెరా మాత్రం వదల్లేదు. లాగి దగ్గరగా చూసే పెద్ద కెమెరా. కొమ్మ మీదినుంచి దాన్ని కిందికి వంచి చూపిస్తే, ఒక కర్రవాడు ఆ స్క్రీన్ చూసి నోరు వెళ్లబెట్టాడు. తర్వాత నేను పోయి చూశాను. నీళ్లలో మొసలి నోరు తెరిచింది. ఆ పళ్ల నడుమ నుంచి పిల్లలు ఒక్కొక్కటే జారి, ఈదుకుంటూ దాని తల మీదికి ఎక్కుతున్నాయి. ఒక్కదానికి గీత పడలేదు.

కర్రలు ఇసుకలో పడిన చప్పుడు వినిపించింది. మొసలి మళ్లీ గట్టెక్కింది, మళ్లీ తోడింది, మళ్లీ మోసింది. అంతమందిమి నిలబడి చూస్తుండగానే. అవ్వ లెంపలు వేసుకుని, "తప్పయింది తల్లీ, తప్పయింది" అంటూనే ఉంది.

నేను పిల్లగాని తల్లి మొహం చూశాను. అపశకునం అంటుంది, లేచిపోతుంది, మా పిల్ల బతుకు బజార్లో పడుతుంది అని బెదిరిపోతున్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇంతమంది నడుమకు నేనైతే రాకపోదును వదినా," అంది చివరికి.

ఉంగరాలు అవతలి ఒడ్డున కార్లు ఆపేచోట మార్చుకున్నారు. పిల్లగాని షూ ఒకటి దీవిలోనే ఉండిపోయింది. బంగారంలా జరిగింది ఫంక్షన్, నన్నడిగితే.

మొసలి నీళ్లలోకి పోయి చాలాసేపు రాకపోయేసరికి, మా వాళ్లు గజగజలాడుతూ సామాను లాగేశారు. మేకులు పీకి సంచిలో వేశారు, జంబుఖానాలు ఎట్లా పడితే అట్లా చుట్టారు. అన్నీ మెదక్‌లో మా గోదాములో పడేసి పడుకున్నాం.

పొద్దున నేను గోదాము తలుపు తీశానో లేదో, లోపలి నుంచి అదే అరుపు వినిపించింది. క్వాక్. ఆయనను పిలిచాను. ఇద్దరం కలిసి జంబుఖానా చుట్ట మెల్లగా విప్పాం. నడుమ మడతలో ఉంది ఒక్కటే, ఇసుక అంటుకుని, కళ్లు మూసుకుని. చచ్చిందనుకుని నేను ముందుకు వంగితే నోరు తెరిచి అరిచింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

ఫారెస్ట్ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎత్తినాయన ముందు నమ్మలేదు. నమ్మాక కంగారుపడ్డాడు. "చేతితోని ముట్టకుండ్రమ్మా. తడిబట్ట ఏసి బకెట్ల పెట్టి పట్టుకరాండ్రి, నేను రేవు కాడికొస్త. తల్లి గాడనే ఉంటే బతుకుతది. లేకుంటే కొంగలే మింగుతయ్."

పప్పుచారు వడ్డించే స్టీలు బకెట్‌లో పెట్టాం. రాత్రి సామాను తెచ్చిన ట్రాలీ ఆటోలోనే బయలుదేరాం. బకెట్ నా ఒళ్లో ఉంది. పాపన్నపేట దాకా అది అరుస్తూనే ఉంది. "ఊకోవే, మీ అమ్మ దగ్గరికే పోతున్నం, జర ఓపిక పట్టు" అని నేను బతిమాలుతూనే ఉన్నాను. పాపన్నపేట దాటాక అరుపు ఆగిపోయింది. అప్పుడు ఇంకా భయమేసింది. "నువ్వు జల్ది నడుపవయ్యా!" అని ఆయన మీద విరుచుకుపడ్డాను.

ఫారెస్టాయన రేవుకు పడవ పంపించాడు; మేం దీవిలో దిగేసరికి పడమటి ఇసుక చుట్టూ అప్పటికే తాడు కట్టించాడు. ఉష్, అని వేలు చూపించాడు. మా స్టేజీ ఉన్న చోట, ఆ గుంత పక్కన మొసలి పడుకుని ఉంది. ఎండలో ఒళ్లంతా ఇసుక ఎండిపోయి ఉంది. రాత్రంతా అక్కడే ఉందట.

ఆయన పొడుగు కర్రకు బకెట్ తగిలించి, తాడు లోపల మెల్లగా వంచాడు. పిల్ల జారి ఇసుకలో పడింది. కదల్లేదు. అరువవే, నిన్నటి నుంచి చెవులు తిన్నావు కదా, ఇప్పుడు అరువు అని నాలోనే అనుకుంటున్నాను. అరిచింది. ఎంత సన్నగానో. మొసలి తల ఇటు తిరిగింది. అంత పెద్ద దేహం ఎత్తుకుని నడిచి వచ్చి, వంగి, పిల్లను పళ్ల అంచున పట్టుకుని నీళ్లలోకి పోయింది. నేను మా ఆయన భుజం మీద పడి వెక్కివెక్కి ఏడ్చాను. ఆయనా ముక్కు తుడుచుకుంటున్నాడు. ఇక అయిపోయింది, ఇంటికి పోదాం అనుకున్నాం.

అయిపోలేదు. ఆమె మళ్లీ గట్టెక్కింది. నేరుగా ఆ గుంత దగ్గరికే పోయింది. లోపల మూతి పెట్టి ఒక గుడ్డు తీసింది. నోట్లో పెట్టుకుని, దవడల మధ్య అటూ ఇటూ మెల్లగా దొర్లించసాగింది.

"పెంకు పగులగొట్టుకోలేని పిల్లకు తల్లి గట్ల సాయం చేస్తదమ్మా," అని ఫారెస్టాయన గుసగుసగా చెప్పి, తన దుర్భిణి నాకు ఇచ్చాడు.

చూశాను. ఆ గుడ్డుకు ఒక పక్కనుంచి ఇంకో పక్కకు గుండ్రటి రంధ్రం ఉంది. అంచున పచ్చగా ఏదో ఎండి ఉంది. దుర్భిణి మా ఆయన చేతికి ఇచ్చాను. ఆయన చాలాసేపు చూశాడు. ఆ వెన్నలాంటి ఇసుక గుర్తొచ్చిందేమో, మొహం నల్లబడింది.

"మన మేకే," అన్నాడు.

ఆమె గుడ్డును ఇసుక మీద పెట్టింది. పక్కన తల ఆనించి వినసాగింది. మళ్లీ నోట్లోకి తీసుకుంది. మళ్లీ దొర్లించి, మళ్లీ పెట్టి, మళ్లీ విన్నది.

"గది సచ్చిపోయింది. ఎవరన్న చెప్పుండ్రి ఆమెకు," అన్నాను నేను.

"ఎట్ల చెప్తమమ్మా," అన్నాడు ఫారెస్టాయన.

ఆమె ఆ గుడ్డునే మళ్లీ నోట్లోకి తీసుకుంది.