నేను అలికించిన గోడ

తొమ్మిదేళ్లుగా ఒక గోడను మోస్తున్నాను. నవ్వకండి. కూలిన గోడ కూలినట్టే పోతుందనుకున్నాను. పోలేదు. ఇది నా భార్యకు కూడా తెలియదు. మీ ముఖం ఎరగను కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

మంచిర్యాల వైపు ఒక ఓపెన్‌కాస్ట్ గని పక్క ఊళ్లో పగుళ్లు చూసే పని నాది, కాంట్రాక్టు మీద. మధ్యాహ్నం సైరన్ మోగేది, గనిలో పేల్చేవారు, ఊళ్లో గోడలు చీలేవి. చీలిక మీద సన్నని అద్దంముక్క అడ్డంగా అతికించి రావాలి. అది పగిలితే చీలిక పెరుగుతున్నట్టు. అలాంటి ఇళ్లవాళ్లకే దూరంగా కొత్త కాలనీలో చోటు. నాకు ఆ పని ఇష్టం. చీలిక ఎటు పోతుందో, ఎందుకు పోతుందో అని గోడల ముందు గంటలు కూర్చునేవాణ్ని.

రాజవ్వ ఒంటరి ముసలామె. ఆమె ఇప్పపువ్వు ఏరుకున్న అడవి పోయింది, అక్కడ గని మట్టి గుట్టలా లేచింది. పేలుడు అయిన ప్రతిసారీ ఆమె తమలపాకుల సున్నం వేలికి తీసుకుని, చీలిక ఎక్కడిదాకా పాకిందో అక్కడ ఒక బొట్టు పెట్టేది. ఎర్రమన్ను గోడ మీద కిటికీ నుంచి దూలం దాకా తెల్లబొట్లు. నా అద్దం కంటే మంచి కొలత! ఎవరు నేర్పారో అడుగుదామనుకుంటూనే అడగలేదు.

కాలనీలో చోటు ఎవరికో తేల్చే అధికారులు వచ్చే ముందురోజు ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె నీళ్లకు పోయింది. నా అద్దం రెండు ముక్కలై ఉంది. ఆ వారమే ఇంకో ఇంట్లో పగిలిన అద్దం చూసి మా సారు "మళ్లీనా?" అన్నాడు. అంతే అన్నాడు. నా కాంట్రాక్టు ఇంకా నెలే ఉంది. ఎవరూ చెయ్యమనలేదు. సంచిలోంచి కొత్త అద్దం తీసి అతికించాను. ఒక్క మాటకు అంత ఎందుకు భయపడ్డానో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. అప్పుడు బొట్లు కనిపించాయి. అద్దం మార్చినా, చీలిక పాకిన సంగతి అవి చెప్పేస్తాయి.

రాజవ్వ బిందెతో వచ్చింది.

"అవ్వా, రేపు పెద్దసార్లు వస్తున్నరు. గోడ గిట్లుంటే ఏం బాగుంటది? జర ఎర్రమన్నుతోటి అలుకరాదూ?"

"అవు కొడుకా, ఇంటికొచ్చినోళ్లు ఏమనుకుంటరు! మరి గా బొట్లు పోతయి గదా?"

"పోతే పోనీ. నా అద్దం ఉన్నది గదా. అదే చెప్తది."

చుట్టాలొస్తే ఇల్లు అలకని మనిషి మా వైపు ఉండదు. అది తెలిసే అన్నాను.

తెల్లారేసరికి గోడ నున్నగా మెరిసిపోతోంది. గడప ముందు ముగ్గు కూడా వేసింది. సార్లు ఆమె చాయ తాగి, పగుళ్లేమీ లేవని రాసుకుని పోయారు.

వానాకాలంలో ఆ గోడ ఆమె కాలి మీద కూలింది. లక్సెట్టిపేటలో చెల్లెలింట్లో మంచం మీద ఉందంటే చూడబోయాను.

"నా తప్పే కొడుకా," అంది. "సార్లొస్తుండ్రని నీళ్లెక్కువ పోసి అలికిన. గోడ నానింది."

వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే చెబుతోందట. నేను తల ఊపాను. అవును, ఊపాను. వాళ్లిచ్చిన చాయ తాగి లేచాను.

పోయిన ఏడు ఆమె చనిపోయింది. చివరిదాకా తన అలుకునే తిట్టుకుందని చెల్లెలు చెప్పింది. ఇంక ఎవరికి చెప్పను? ఎవరు నన్ను తిట్టినా, క్షమించినా, ఆమె చెవికి చేరదు.

రాజవ్వా, గోడ నీ నీళ్లతోటి కూలలే. అద్దం పగిలింది, నేను మార్చిన.

ఆ రోజు ఆమె మంచం పక్కన చెప్పని మాట ఇదే. వినేది మీరే అయినా, బయటికైతే వచ్చింది.